పూర్వపక్షంతో మొదలుపెట్టండి: ఒప్పించే రచన నేర్చుకునే విద్యార్థులకు

విజయవాడ, గుంటూరు కళాశాలల్లో వ్యాసరచన పోటీలకూ వక్తృత్వ పోటీలకూ కొదవ లేదు. స్వాతంత్ర్య దినోత్సవానికి ఒకటి, ఆగస్టు 29న తెలుగు భాషా దినోత్సవానికి ఒకటి, నవంబరు 14 నుంచి 20 దాకా జరిగే గ్రంథాలయ వారోత్సవాలకు మరొకటి, ఇలా ఏడాది పొడవునా ఏదో ఒక అంశం మీద విద్యార్థులు రాస్తూనే ఉంటారు. ఆ కాగితాలు దిద్దే నాకు వాటిలో భాషాదోషాల కంటే ఎక్కువ బాధ కలిగించే లోపం ఒకటుంది. తమతో ఏకీభవించని మనిషి ఒకడు ఈ కాగితం చదువుతాడన్న ధ్యాస రాసినవారికి ఉండదు. అందరూ ముందే ఒప్పుకున్న మాటలను, అందరికీ తెలిసిన మాటలలో, అందరికీ వినిపించేంత గట్టిగా రాస్తారు. అది చదివి మనసు మార్చుకోవలసిన అవసరం ఎవరికీ కలగదు.

మన శాస్త్రగ్రంథాలలో ఒక గొప్ప అలవాటు ఉంది. సిద్ధాంతం చెప్పబోయే ముందు దానికి ఎదురుగా నిలిచే వాదాన్ని, అంటే పూర్వపక్షాన్ని, ఆ పక్షంవాడే స్వయంగా వచ్చినా అంతకంటే బాగా చెప్పలేడన్నంత నిజాయితీగా నిలబెట్టి, ఆ తరువాతే దానికి సమాధానం చెప్పి తమ మాటను స్థాపిస్తారు. ఒప్పించే రచన నేర్చుకునే విద్యార్థికి నేను మొదట అలవాటు చేయదలచినది ఇదే. క్రీ.పూ. 4వ శతాబ్దంలో గ్రీకు తత్త్వవేత్త అరిస్టాటిల్ వక్తృత్వశాస్త్రాన్ని నిర్వచిస్తూ, ఏ సందర్భంలోనైనా ఒప్పించడానికి అందుబాటులో ఉన్న సాధనాలు ఏమిటో చూడగలిగే శక్తి అది అన్నాడు. చూడగలగడం అన్న మాటను గమనించండి. ఎదుటి మనిషి ఎక్కడ ఆగిపోతాడో చూడగలిగితేనే అతన్ని ముందుకు నడిపించే మాట ఏదో తెలుస్తుంది.

విషయం గాలిలో తేలిపోకుండా ఒకే ఉదాహరణను చివరిదాకా పట్టుకుందాం. గుంటూరులో ఒక శాఖా గ్రంథాలయం ఉందనీ, దాని పఠనమందిరాన్ని సాయంత్రం 7 గంటలకు మూసివేస్తారనీ, డిగ్రీ చదివేవారూ, డీఎస్సీకీ గ్రూప్స్‌కూ తయారవుతున్నవారూ దాన్ని రాత్రి 9 దాకా తెరచి ఉంచాలని కోరుతున్నారనీ అనుకుందాం. జిల్లా గ్రంథాలయ సంస్థ కార్యదర్శికి ఒక విన్నపం రాయాలి. ఇది నేను ఊహించి చెబుతున్న సందర్భమే అయినా, ఇందులోని చిక్కులన్నీ నిజమైనవే.

ఎవరిని ఒప్పించాలి

కలం పట్టుకునే ముందు, నిర్ణయం ఎవరి చేతిలో ఉందో తేల్చుకోవాలి. ఇదే విషయం మీద దినపత్రికకు లేఖ రాస్తే చదివేవారు ఊరి పాఠకులు, కళాశాల చర్చాగోష్ఠిలో మాట్లాడితే వినేవారు తోటి విద్యార్థులూ న్యాయనిర్ణేతలూ, కార్యదర్శికి రాస్తే చదివేది బాధ్యత మోసే ఒక అధికారి. ముగ్గురికీ ఒకే వ్యాసం పనికిరాదు. కార్యదర్శికి గ్రంథాలయాల గొప్పతనం గురించి చెప్పనవసరం లేదు, ఆ విషయం ఆయనకు మనకంటే బాగా తెలుసు. ఆయనకు కావలసింది ఈ పని ఎలా సాధ్యమో, దీనివల్ల తనకు ఏ తలనొప్పి రాదో తెలియడం.

ఇప్పుడు ఒక తెల్లకాగితం తీసుకొని మధ్యలో నిలువు గీత గీయండి. ఎడమవైపు ఆయన కాదనడానికి ఉన్న కారణాలను, ఆయన కుర్చీలో మీరే కూర్చున్నట్లు ఊహించుకొని, ఒక్కొక్కటిగా రాయండి. గ్రంథపాలకుడు ఒక్కరే ఉన్నారు, ఆయన ఉదయం నుంచి పనిచేస్తున్నారు. కరెంటు బిల్లు పెరుగుతుంది. రాత్రివేళ ఆడపిల్లలు వచ్చివెళ్లే దారిలో భద్రత ఏమిటి? పుస్తకాలు పోతే జవాబుదారీ ఎవరు? ఇక్కడిదాకా చాలామంది విద్యార్థులు రాయగలరు. సాధారణంగా వారికి తట్టనిది, అధికారిని నిజంగా ఆపేది మరొకటి ఉంది. ఈ ఒక్క శాఖకు ఒప్పుకుంటే రేపు జిల్లాలోని మిగతా శాఖలవారూ వచ్చి అడుగుతారు. కాగితం మీద ఎవరూ రాయని ఈ అభ్యంతరాన్ని పసిగట్టగలిగితే సగం పని అయినట్లే.

కుడివైపు ప్రతి అభ్యంతరానికీ ఎదురుగా మూడింటిలో ఒక మాట రాయాలి. అది నిజం కాదని చూపగలమా, నిజమే కాని పరిష్కారం ఉందా, నిజమే కాబట్టి మన కోరికనే కొంత తగ్గించుకోవాలా? మూడో జవాబు రాయడానికి విద్యార్థులు చాలా సంకోచిస్తారు. నా అనుభవంలో విన్నపానికి ఎక్కువ బలాన్నిచ్చేది అదే. పుస్తకాలు ఇచ్చిపుచ్చుకునే కౌంటరు 7 గంటలకు యథాప్రకారం మూసివేయవచ్చు, చదువుకునే హాలు ఒక్కటి తెరచి ఉంచితే చాలు అని మనమే ముందుగా అన్నామంటే, గ్రంథపాలకుడి పని గంటలు, పుస్తకాల జవాబుదారీ అన్న రెండు అభ్యంతరాలు ఒకేసారి తొలగిపోతాయి. మూడు నెలల ప్రయోగంగా, ఒక్క శాఖలోనే చేయండి అన్నామంటే, మిగతా శాఖలవారు అడిగినప్పుడు చెప్పడానికి అధికారికి ఒక మాట దొరుకుతుంది.

కురుసభకు కృష్ణుడు రాయబారం వెళ్లిన ఘట్టాన్ని మన ప్రాంతంలో నాటకాలలో చూడని పెద్దవారు తక్కువ. అందులో ఒప్పించే కళకు సంబంధించిన పాఠం ఒకటుంది. కృష్ణుడు తన మాటను ధృతరాష్ట్రుడికి చెబుతాడు, ఇరుపక్షాల మేలు కోరేవాడిగా చెబుతాడు, పాండవుల కోరిక అర్ధరాజ్యం నుంచి అయిదు ఊళ్ల దాకా తగ్గి ఉంటుంది. దుర్యోధనుడు సూదిమొన మోపినంత నేల కూడా ఇవ్వనన్నాడు కనుక రాయబారం విఫలమైందని అంటాం. కాని ఆ సభలో భీష్ముడూ ద్రోణుడూ విదురుడూ సంధి వైపే మాట్లాడారు. మొండిగా ఎదిరించేవాడు మారకపోయినా, అదే సభలో కూర్చొని వింటున్నవారు ఎటు మొగ్గుతారన్నది మన మాట తీరును బట్టి ఉంటుంది. చర్చాగోష్ఠిలో ప్రత్యర్థిని ఓడించాలని తాపత్రయపడే విద్యార్థులు ఈ తేడాను గుర్తుంచుకోవాలి.

వివాదం ఎక్కడుంది

రెండో పని, తగువు అసలు ఎక్కడుందో కనిపెట్టడం. క్రీ.పూ. 2వ శతాబ్దానికి చెందిన హెర్మాగొరాస్ అనే గ్రీకు ఆచార్యుడు దీనికి నాలుగు ప్రశ్నలు ఏర్పరచాడు. అది జరిగిందా? జరిగినదాన్ని ఏమని పిలవాలి? అది ఎంత తీవ్రమైనది, ఎంత సమంజసమైనది? దీన్ని తేల్చవలసినవారు ఎవరు? ఆధునిక బోధనలో నాలుగో ప్రశ్న స్థానంలో ‘ఇప్పుడేం చేయాలి’ అన్న ప్రశ్నను పెట్టడం కూడా ఉంది.

2024 సెప్టెంబరు మొదటివారంలో విజయవాడను ముంచెత్తిన వరదనే తీసుకోండి. బుడమేరు వాగుకు గండ్లు పడి సింగ్‌నగర్ పరిసరాలు రోజుల తరబడి నీటిలో ఉన్నాయన్నది వాస్తవం. అదే సమయంలో ప్రకాశం బ్యారేజీ నుంచి 11 లక్షల క్యూసెక్కులకు పైగా వరద కిందికి వెళ్లింది. దీనిమీద తగువు లేదు. దాన్ని ప్రకృతి వైపరీత్యం అనాలా, మనిషి చేసుకున్న చేటు అనాలా అన్నది రెండో ప్రశ్న. ఇకముందు బుడమేరు మళ్లింపు కాలువను ఏం చేయాలి, కట్టలను ఎవరు కాపాడాలి అన్నది చివరిది. ఈ అంశం మీద విద్యార్థి రాసిన వ్యాసంలో మూడు పేజీలు నీరు ఎంత వచ్చిందో వర్ణించి, ఏం చేయాలన్నది చివరి రెండు వాక్యాలలో ముగించడం తరచుగా చూస్తుంటాను. ఎవరూ కాదనని మొదటి ప్రశ్నకే శక్తి అంతా ఖర్చయిపోయింది. వివాదం ఏ ప్రశ్న దగ్గర ఉందో అక్కడే కాగితంలో ఎక్కువ చోటు కేటాయించాలి.

అరిస్టాటిల్ ప్రసంగాలను కాలాన్ని బట్టి కూడా విభజించాడు. న్యాయస్థానంలో వాదం జరిగిపోయినదాని గురించి, అక్కడ తప్పు ఎవరిదో తేలాలి. సభలో పొగడ్త, తెగడ్త వర్తమానం గురించి. ఆలోచనా సభలో వాదం రాబోయేదాని గురించి, అక్కడ ఏది మేలో తేలాలి. మన గ్రంథాలయ విన్నపం పూర్తిగా రాబోయే కాలానికి చెందినది. అటువంటి కాగితంలో ‘ఇన్నాళ్లూ అధికారుల నిర్లక్ష్యం వల్ల’ అని ఒక్క వాక్యం పడిందంటే, అది వెంటనే న్యాయస్థాన ప్రసంగంగా మారిపోతుంది. సహాయం చేయవలసిన మనిషి ముద్దాయిగా నిలబడి తనను తాను సమర్థించుకోవడం మొదలుపెడతాడు. కోపం ఎంత న్యాయమైనదైనా, దాన్ని వెళ్లగక్కవలసిన కాగితం వేరు.

వాదానికి అయిదు అవయవాలు

ఇక అసలైన వాదం కట్టడం. దీనికి ప్రాచీన తర్కగ్రంథమైన గౌతముడి న్యాయసూత్రాలు చూపిన పద్ధతి కంటే విద్యార్థికి పనికివచ్చేది మరొకటి నాకు కనిపించలేదు. ప్రతిజ్ఞ, హేతువు, ఉదాహరణ, ఉపనయం, నిగమనం అని అందులో వాక్యానికి అయిదు అవయవాలు. తర్కం చదివినవారందరికీ తెలిసిన ఉదాహరణ ఇది: కొండమీద నిప్పు ఉంది, ఎందుకంటే పొగ కనిపిస్తోంది, ఎక్కడ పొగ ఉంటుందో అక్కడ నిప్పు ఉంటుంది, వంటింట్లో లాగా; ఈ కొండమీద ఉన్నది అటువంటి పొగే; కాబట్టి కొండమీద నిప్పు ఉంది.

మన విషయానికి దీన్ని అన్వయిద్దాం. పఠనమందిరాన్ని రాత్రి 9 దాకా తెరచి ఉంచాలన్నది ప్రతిజ్ఞ. మూసే వేళకు కూడా కుర్చీలు నిండి ఉంటున్నాయన్నది హేతువు. ఎక్కడ వాడేవారు వేళ ముగిసేదాకా కదలకుండా ఉంటారో అక్కడ వేళ పొడిగిస్తే ఆ సమయం వృథా పోదు, ఆఖరి సిటీబస్సు రోజూ కిక్కిరిసి వెళుతున్న రూటులో మరో ట్రిప్పు వేస్తే ఖాళీగా పోనట్లు, అన్నది ఉదాహరణ. మా శాఖలో పరిస్థితి సరిగ్గా అదే, ఇదిగో లెక్క, అన్నది ఉపనయం. కాబట్టి పొడిగించాలన్నది నిగమనం.

విద్యార్థుల రాతల్లో ప్రతిజ్ఞ ఉంటుంది, నిగమనం ఉంటుంది, హేతువు కూడా చాలావరకు ఉంటుంది. ఉదాహరణ కూడా ఒక్కోసారి ఘనంగానే ఉంటుంది. లేనిది ఉపనయం. ‘విదేశాలలో కొన్ని విశ్వవిద్యాలయాల గ్రంథాలయాలు రాత్రంతా తెరిచే ఉంటాయి, కాబట్టి మనవీ తెరవాలి’ అని రాస్తారు. ఉదాహరణ నిజమే, కాని అక్కడి గ్రంథాలయం విశ్వవిద్యాలయ ఆవరణలో, వసతిగృహాల పక్కన, తన సొంత నిధులతో నడుస్తుంది. మనది ఊరి మధ్య, పన్ను సొమ్ముతో నడిచే శాఖ. ఆ గ్రంథాలయానికీ ఈ గ్రంథాలయానికీ పోలిక ఎక్కడ కుదిరిందో చూపించే వాక్యమే ఉపనయం. అది రాయడానికి ప్రయత్నించగానే పోలిక కుదరలేదని మనకే తెలిసిపోతుంది. అప్పుడు ఆ ఉదాహరణ మానేసి, మరో పట్టణంలోని శాఖా గ్రంథాలయాన్నో, మన ఊళ్లోనే పరీక్షల కాలంలో వేళలు పొడిగించే కళాశాల గ్రంథాలయాన్నో వెతుక్కుంటాం. అందుకే ప్రతి ఉదాహరణ తరువాత ‘మా సంగతీ ఇటువంటిదే, ఎందుకంటే’ అని ఒక వాక్యం మొదలుపెట్టి పూర్తిచేయగలరో లేదో చూసుకోమని విద్యార్థులకు చెబుతుంటాను.

చిత్తుప్రతి పూర్తయిన తరువాత హేతువులను పరీక్షించడానికి హేత్వాభాసాలు ఉపయోగపడతాయి. హేతువులా కనిపిస్తూ హేతువు కానివి అవి. ‘మా ప్రాంతంలో విద్యార్థులు ఎక్కువ కాబట్టి’ అన్నది సవ్యభిచారం. విద్యార్థులు ఎక్కువగా ఉన్న చోట్లా ఖాళీగా ఉండే పఠనమందిరాలు ఉంటాయి కనుక అది ఎటైనా వాలుతుంది. ‘నగరంలో మాకు చదువుకోవడానికి మరో చోటే లేదు’ అన్నది, నిరూపించనంతవరకు, అసిద్ధం. అంతే బలమైన ఎదురు హేతువు ఉన్నప్పుడు దాని ఊసెత్తకుండా మన హేతువును మాత్రమే చెప్పడం సత్ప్రతిపక్షం. తలుపు మీది బోర్డు 8 గంటలని చెబుతుండగా 7కే మూస్తారని రాయడం బాధితం, అటువంటి ఒక్క పొరపాటుతో మిగతా విన్నపమంతా నమ్మకం కోల్పోతుంది. వీటన్నిటికంటే ప్రమాదకరమైనది విరుద్ధం. ‘ఆ మందిరం ఎప్పుడూ ప్రశాంతంగా, ఖాళీగా ఉంటుంది, చదువుకోవడానికి అంతకంటే మంచి చోటు లేదు, కాబట్టి మరో రెండు గంటలు తెరవాలి’ అని ఒక విద్యార్థి మనస్ఫూర్తిగా రాయవచ్చు. ఆ హేతువు నిరూపించేది సరిగ్గా దానికి వ్యతిరేకమైన విషయాన్ని. ఖాళీగా ఉండే హాలును ఎక్కువసేపు తెరవవలసిన అవసరం ఏముందని అధికారి అడిగితే జవాబు ఉండదు.

సామెతల గురించి కూడా ఇక్కడే చెప్పాలి. పదో తరగతిలో చదువుకున్న అర్థాంతరన్యాసం, అంటే ఒక విశేషాన్ని సామాన్య సత్యంతో సమర్థించడం, రచనకు నిండుతనం ఇస్తుంది. కాని సామెత సాక్ష్యం కాదు. ‘ఆలస్యం అమృతం విషం’ అని మీరంటే ‘నిదానమే ప్రధానం’ అని అవతలివారు అంటారు, రెండూ మన సామెతలే. లెక్కతో మాట నిలబెట్టిన తరువాత, అది గుర్తుండిపోవడానికి సామెత వాడండి.

లెక్క ఎక్కడినుంచి తేవాలన్న ప్రశ్న వస్తుంది. చాలా సందర్భాలలో మీరే సేకరించవచ్చు. మూసే వేళకు పావుగంట ముందు వెళ్లి, వరుసగా ఒక వారంపాటు, కూర్చున్నవారిని లెక్కపెట్టి తేదీలతో సహా రాసుకోండి. కార్యాలయం వద్ద ఉన్న సమాచారం కావాలంటే 2005 నాటి సమాచార హక్కు చట్టం కింద దరఖాస్తు చేయండి, మామూలుగా 30 రోజులలో జవాబు రావాలి. చట్టం వైపునుంచి కూడా ఒక బలమైన వాస్తవం ఉంది. మన రాష్ట్రంలో 1960 నాటి పౌర గ్రంథాలయాల చట్టం ప్రకారం స్థానిక సంస్థలు ఆస్తిపన్నుతో పాటు గ్రంథాలయ సెస్సు వసూలు చేస్తాయి, పన్నులో ప్రతి రూపాయికీ 8 పైసలు. గ్రంథాలయం మనకు ఎవరో దయతో పెట్టినది కాదు, ఊరి ఇళ్లవారంతా కలిసి నడుపుకొంటున్నది. ఈ విషయాన్ని హక్కుల నినాదంగా కాక, నిశ్శబ్దంగా ఒక వాక్యంలో చెబితే దాని బరువు దానికే ఉంటుంది.

రాసేవాడు, చదివేవాడు

హేతువు ఒక్కటే చాలదని అరిస్టాటిల్ కూడా చెప్పాడు. ఒప్పించే సాధనాలు మూడు. చెప్పేవాడి మీద కలిగే విశ్వాసం ఈథోస్, వినేవాడి మనసులో కలిగే భావం పేథోస్, మాటలోని యుక్తి లోగోస్. పై భాగమంతా మూడోదాని గురించే. మొదటిది విద్యార్థికి లేదని చాలామంది అనుకుంటారు, వయసూ పదవీ లేనివాడి మాట ఎవరు నమ్ముతారని. అరిస్టాటిల్ ఆ విశ్వాసం మాటలోంచే పుట్టాలంటాడు. అధికారి హోదాను సరిగ్గా రాయడం, తేదీలు తప్పు పోకుండా చూడటం, మీకు ప్రతికూలంగా ఉన్న వాస్తవాన్ని దాచకుండా చెప్పడం, ఇవన్నీ ఆ విశ్వాసాన్ని కలిగిస్తాయి. ‘ఆదివారాలు హాలు దాదాపు సగం ఖాళీగానే ఉంటుంది కనుక ఆదివారానికి మేము పొడిగింపు కోరడం లేదు’ అన్న వాక్యాన్ని చదివిన అధికారి, మిగతా రోజుల లెక్కను అనుమానించడు.

భావం విషయంలో మన విద్యార్థుల బలహీనత విశేషణాలు. హృదయవిదారకం, అత్యంత దయనీయం, వర్ణనాతీతం అన్న మాటలు రాసినవారి ఉద్వేగాన్ని చెబుతాయే తప్ప చదివేవారిలో ఏదీ కలిగించవు. వరద గురించి రాసేటప్పుడు ‘ప్రజల బాధలు వర్ణనాతీతం’ అనే బదులు, నీరు తీసిన తరువాత డాబా మీద పదో తరగతి సర్టిఫికెట్లు, ఇంటి దస్తావేజులు, బ్యాంకు పాసుపుస్తకాలు పరచి, అక్షరాలు చెదిరిపోకుండా ఒక్కొక్క కాగితాన్నీ వేళ్లతో విడదీస్తున్న తల్లిని చూపించండి. ఒక వస్తువు, ఒక చెయ్యి, ఒక పని చాలు. గ్రంథాలయ విన్నపంలో అయితే, పగలు దుకాణంలో పనిచేసి 6 గంటలకు సెలవు తీసుకొని, సైకిలు మీద వచ్చి, పుస్తకం తెరిచిన అరగంటకే లైట్లు ఆర్పేవేళ అయిన కుర్రవాణ్ని ఒక వాక్యంలో చూపితే సరిపోతుంది. అటువంటివాడు నిజంగా ఉంటేనే రాయాలి. లేనివాణ్ని కల్పించి రాయడం ఒప్పించడం కాదు, మోసం.

కోరిక స్పష్టంగా ఉండటం గురించి మన ఊరి చరిత్రలోనే ఒక మంచి నిదర్శనం ఉంది. 1921 మార్చి 31, ఏప్రిల్ 1 తేదీలలో బెజవాడలో సమావేశమైన అఖిల భారత కాంగ్రెస్ సంఘం దేశం ముందు పెట్టిన కార్యక్రమం మూడు అంకెలలో ఇమిడిపోయింది. తిలక్ స్వరాజ్య నిధికి కోటి రూపాయలు, కాంగ్రెస్‌కు కోటిమంది సభ్యులు, ఇళ్లలో 20 లక్షల రాట్నాలు, అన్నిటికీ గడువు జూన్ 30. స్వరాజ్యం ఎంత విశాలమైన ఆశయమో అంత ఖచ్చితమైన పని అందులో ఉంది. పల్లెలో ఉన్న మనిషికి కూడా రేపు తాను చేయవలసింది ఏమిటో తెలిసింది. ‘తగు చర్యలు తీసుకోవలసిందిగా ప్రార్థన’ అని ముగించే విన్నపం అధికారికి ఏ పనీ అప్పగించడం లేదు.

ఒక చిత్తుప్రతి, దాని సవరణ

ఇటువంటి విన్నపాలలో తరచుగా కనిపించే ఆరంభం ఇలా ఉంటుంది: ‘నేటి ఆధునిక సమాజంలో విద్య ఎంతో ముఖ్యమైనది. గ్రంథాలయాలు విజ్ఞాన భాండాగారాలు. కాని మా ప్రాంత గ్రంథాలయాన్ని తొందరగా మూసివేయడం వల్ల ఎందరో పేద విద్యార్థులు ఎంతగానో నష్టపోతున్నారు. అధికారుల నిర్లక్ష్యం శోచనీయం. కావున తగు చర్యలు తీసుకోగలరని మనవి.’

మొదటి రెండు వాక్యాలకు ఎదురు చెప్పేవారు లేరు కనుక అవి అక్కరలేదు. మూడో వాక్యంలో ఎందరో, ఎంతగానో అన్న మాటలు లెక్క ఉండవలసిన చోట కూర్చున్నాయి. నాలుగోది చదివే మనిషిని ముద్దాయిని చేసింది. అయిదోదానిలో కోరికే లేదు. పూర్వపక్షం ఎక్కడా కనిపించదు.

దాన్ని ఇలా తిరగరాయవచ్చు, అంకెలు ఊహించి వేసినవి: ‘అయ్యా, మా శాఖా గ్రంథాలయ పఠనమందిరాన్ని, సోమవారం నుంచి శనివారం వరకు, వారపు సెలవు మినహా, సాయంత్రం 7 నుంచి రాత్రి 9 దాకా, జనవరి నుంచి మార్చి వరకు మూడు నెలలపాటు ప్రయోగంగా తెరచి ఉంచవలసిందిగా కోరుతున్నాము. గత నెల రెండో వారంలో ఈ రోజులన్నిటా 6.45 గంటలకు మేము లెక్కించగా 40 కుర్చీలలో 31కి తక్కువ కాకుండా నిండి ఉన్నాయి, తేదీలవారీ పట్టిక జతపరచాము. గ్రంథపాలకుల పనివేళ పొడిగించడం కష్టమని మాకు తెలుసు, అందువల్ల పుస్తకాల కౌంటరు 7 గంటలకే మూసివేసి హాలు మాత్రమే తెరచి ఉంచితే చాలునని మా మనవి. కరెంటు ఖర్చు పెరగకుండా వెనుక హాలు మూసి ముందు హాలులోనే అందరం కూర్చుంటాము. మూడు నెలల తరువాత హాజరు లెక్క చూసి, 20 మంది కంటే తక్కువ వస్తున్నట్లు తేలితే పాత వేళలే కొనసాగించవచ్చు.’

ఈ రెండో ప్రతిలో అలంకారం ఒక్కటి కూడా లేదు, పొగడ్త లేదు, అయినా చదివినవారు కాదనడానికి కొత్త కారణం వెతుక్కోవలసి వస్తుంది. చివరి వాక్యం మీద ప్రత్యేకంగా దృష్టి పెట్టండి. మన మాట తప్పయితే ఎలా తెలుస్తుందో మనమే చెప్పడం వల్ల, ఒప్పుకోవడానికి అవతలివారికి ధైర్యం వస్తుంది.

ఇదే విషయాన్ని పత్రికకు రాసేటట్లయితే కొన్ని మార్పులు కావాలి. 1914 ఏప్రిల్ 10న ఆంధ్రదేశ గ్రంథాలయాల తొలి మహాసభ జరిగింది బెజవాడలోనే. గ్రంథాలయోద్యమానికి ఇల్లు వంటి ఈ ప్రాంతంలో చదువుకునేవాడికి రాత్రి 7 దాటితే కుర్చీ దొరకదా అన్న ప్రశ్న ఊరి పాఠకుణ్ని కదిలిస్తుంది. కార్యదర్శికి రాసిన విన్నపంలో ఈ చరిత్ర ఒక్క వాక్యం కూడా అక్కరలేదు, పత్రికా వ్యాసానికి అదే మంచి ఆరంభం.

వక్తృత్వ పోటీకి వెళ్లేవారికి అదనంగా రెండు పనులుంటాయి. రోమన్ వక్త సిసిరో కాలానికి ప్రసంగ నిర్మాణాన్ని అయిదు అంగాలుగా చెప్పడం స్థిరపడింది: విషయం వెతకడం, అమర్చడం, మాటల్లో పెట్టడం, గుర్తుంచుకోవడం, పలకడం. రాసేవారికి మొదటి మూడు చాలు. మాట్లాడేవారు వాక్యాలను బట్టీ పట్టకుండా అభ్యంతరాల వరుసను, వాటి సమాధానాలను గుర్తుంచుకుంటే మధ్యలో ఒక మాట జారిపోయినా ప్రసంగం ఆగిపోదు. పూర్వపక్షం చెప్పేటప్పుడు వెక్కిరింపు గొంతు పెట్టకండి, మీ సొంత మాట చెప్పేటప్పుడు ఎంత గౌరవంగా చెబుతారో అంత గౌరవంగానే చెప్పండి. న్యాయశాస్త్రం, అంటే పైన చెప్పిన గౌతముడి తర్కశాస్త్రం, చర్చను వాదం, జల్పం, వితండం అని మూడుగా విభజించింది. నిజం తేలడానికి చేసేది వాదం, గెలుపు కోసం చేసేది జల్పం, తనదంటూ ఏ పక్షమూ లేకుండా ఎదుటివాణ్ని పడగొట్టడానికే చేసేది వితండం. పోటీలో బహుమతి జల్పానికి కూడా రావచ్చు, కాని విద్యార్థి దశలో అలవాటు చేసుకోవలసినది వాదాన్నే.

విన్నపం పూర్తయ్యాక ఒకసారి బిగ్గరగా చదవండి, ఊపిరి అందని వాక్యాన్ని రెండుగా విడగొట్టండి, ఎంతో, ఎంతగానో, అత్యంత అన్న మాటలు కనిపించిన ప్రతిచోటా వాటిని కొట్టేసి అక్కడ అంకె గాని వస్తువు గాని పెట్టగలరేమో చూడండి. ఈ ప్రతిపాదనతో ఏకీభవించని స్నేహితుడెవరైనా ఉంటే అతనికే మొదట చదివి వినిపించండి, అతను ఏ వాక్యం దగ్గర తల అడ్డంగా ఊపాడో ఆ వాక్యాన్ని మళ్లీ రాయండి. ఇవ్వవలసిన సమయం కూడా ఆలోచించాలి. ఖర్చుతో కూడిన కోరిక అయితే ఏప్రిల్ 1న కొత్త ఆర్థిక సంవత్సరం మొదలవడానికి చాలా ముందే, బడ్జెట్ తయారయ్యే రోజుల్లో చేరాలి. రెండు ప్రతులు తీసుకువెళ్లి, ఒకటి కార్యాలయంలో ఇచ్చి, రెండోదాని మీద తేదీతో ముద్ర, ఇన్‌వార్డ్ నంబరు వేయించుకోండి. నెల గడిచినా జవాబు రాకపోతే ఆ నంబరు ఉటంకిస్తూ మరో లేఖ రాయవచ్చు, లేదా సోమవారం కలెక్టరేటులో జరిగే ప్రజా సమస్యల పరిష్కార వేదికలో అదే ప్రతిని జతచేసి ఇవ్వవచ్చు. ఆ రెండో లేఖలో కూడా ఫిర్యాదు కంటే ముందు, మొదటి లేఖకు వారు చెప్పే అవకాశమున్న అభ్యంతరానికి సమాధానమే ఉండాలి.